పావ్‌చూ టీచరు వేసిన ఒట్టు

పావ్‌చూ టీచరు చెయ్యి ఎవరిమీదైనా పడిందంటే వాడు ఆ పూటకి కూర్చోలేడు, నిలబడలేడు. ఆ బలం ఊరికే రాలేదు. ఆవిడ పందిమాంసం కొట్టువాళ్ళ పిల్ల. పాలపళ్ళు ఊడకముందే తండ్రి పక్కన నిలబడి ఎముకలు నరికిన చెయ్యది. తర్వాత ఎలాగో చదువుకుని, పంతులమ్మ ఉద్యోగం తెచ్చుకుని, తైవాన్‌కి దక్షిణాన ఉన్న ఆ చేపల రేవులో ఒకటో తరగతికి టీచరైంది. కత్తి వదిలి బెత్తం పట్టింది, అంతే తేడా. ఊళ్ళోవాళ్ళు ఆ మాట ఆవిడ ముందే అనేవాళ్ళు, ఆవిడా నవ్వేది.

ఒకటో తరగతి పిల్లలకి మొదటి పది వారాలూ చైనా అక్షరం అన్నది చూపించరు. ఒట్టి ధ్వనులే నేర్పుతారు. ఒక్కో ధ్వనికి ఒక్కో చిన్న గుర్తు. బొ, పొ, మొ, ఫొ అని మొదలుపెట్టి ఆ గుర్తులన్నీ కంటికీ చెవికీ నోటికీ ఒకేసారి ఎక్కాలి. రెండు మూడు గుర్తులు కలిపి గబుక్కున అంటే మాటవుతుంది. ఆ కలపడం పట్టుబడ్డ పిల్ల ఏదిచ్చినా చదువుకుంటుంది. పట్టుబడని పిల్ల ఆరేళ్ళూ బెంచీకి బరువు. పైగా రేవులో పిల్లలు ఇంట్లో మాట్లాడేదొక భాష, బళ్ళో నేర్పేది ఇంకొకటి. వాళ్ళ నాలుకలు అంత తేలిగ్గా తిరగవు.

పావ్‌చూ తిప్పేది. ఎలా తిప్పాలో ఆవిడకి తెలిసినట్టు చుట్టుపక్కల ఎవరికీ తెలీదు. నోటిముందు పల్చటి కాగితం పెట్టించి, "పొ అను. కాగితం ఎగిరిందా? ఇప్పుడు బొ అను. ఎగరకూడదు. ఎగిరితే వీపు ఎగురుద్ది," అనేది. మొ అనేటప్పుడు గొంతుమీద వేళ్ళు పెట్టించి లోపల గుయ్యిమంటోందా లేదా అని అడిగేది. ఫొ అనాలంటే పైపళ్ళు కింది పెదవిని కరవాలి. కరవని వాడికి ఆవిడే చేత్తో పెదవి పట్టుకుని పళ్ళకిందికి తోసేది, రక్తం వచ్చినా సరే. ధ్వనికొక బెత్తందెబ్బ బల్లమీద, తప్పుకొక బెత్తందెబ్బ చేతిమీద. రెండోసారీ అదే తప్పు చేస్తే చెంప.

ఇది దౌర్జన్యమని అక్కడెవరూ అనుకోలేదు. బడి తెరిచిన రోజు తండ్రులే వచ్చి ఎర్రకాగితం చుట్టిన కొత్త పేముబెత్తం టీచరు చేతిలో పెట్టి వెళ్ళేవాళ్ళు. బెత్తం ఇవ్వని తండ్రికి పిల్లలంటే లెక్కలేదని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. దెబ్బకి దెయ్యమైనా జడుస్తుంది, పిల్లలెంత అన్నది అందరి మాటా.

అలాగే ఒక సెప్టెంబరులో థియెన్‌లై అనే బోటుకూలీ తన కూతురితో వచ్చాడు. మనిషి తాటిమొద్దులా ఉంటాడు, పొద్దున్నే బియ్యపు సారా వాసన కొడుతున్నాడు. పిల్ల పేరు బోంగ్‌యో. వాళ్ళ భాషలో ఆ పేరుకి "పోన్లే, పెంచుదాం" అని అర్థం. మగపిల్లాడి కోసం చూస్తుంటే ఆడపిల్ల పుట్టిందని విసుగొచ్చి పెట్టిన పేరు. తల్లి మరుసటి కాన్పులో పోయింది.

"కొట్టండి టీచరమ్మా, మొహమాటపడకండి," అన్నాడు థియెన్‌లై బెత్తం అందిస్తూ. "కళ్ళు మాత్రం వదిలిపెట్టండి, మిగతాదంతా మీ ఇష్టం. ఇంట్లో నేనెంత బాదినా దీనికి బుద్ధి రావట్లేదు. ఒక మాట మూడుసార్లు చెప్తే గానీ తల తిప్పదు."

"రాకేం, వస్తుంది."

"పది వారాలయ్యాక హెడ్మాస్టరుగారు పరీక్ష పెడతారటగా. అందులో చదివిందా, సరే. చదవలేదా, మా బోటు యజమాని అక్క పట్నంలో ఉంది, వాళ్ళింట్లో పిల్లల్ని ఎత్తుకోవడానికి పంపేస్తా. మాట అయిపోయింది. అక్కడికెళ్తే ఇక తిరిగిరావడం ఉండదు, వాళ్ళ పిల్లే."

పిల్ల ఇద్దర్నీ మార్చిమార్చి చూసి నవ్వింది. ఆ నవ్వే దాని కొంప ముంచింది.

ఎందుకంటే బోంగ్‌యో తనకేం అర్థం కాకపోయినా నవ్వేది. పొ అనమంటే బొ అని నవ్వేది. తొ అనమంటే కొ అని నవ్వేది. అందరూ ఒక్కసారి అరిస్తే తనూ నోరు కదిపేది, లేపి ఒంటరిగా అడిగితే టీచరు మూతి వంక చూసి ఏదో ఒకటి అనేది. వెనక్కి తిరిగి బోర్డుమీద రాస్తూ అడిగితే అసలు పలికేది కాదు. పావ్‌చూకి ఒళ్ళు మండిపోయేది. పెంకి పిల్లల్ని చూసింది, మొద్దు పిల్లల్ని చూసింది గానీ, దెబ్బతిని నవ్వే పిల్లని చూడలేదు.

"నీతో పడేకంటే చెవిటివాడి ముందు శంఖం ఊదుకోవడం నయమే," అని ఒకరోజు అరచేతులు రెండూ చిట్లేదాకా కొట్టింది. పిల్ల ఏడవలేదు. కన్నీళ్ళు కారుతున్నాయి, నవ్వు మాత్రం మొహాన అలాగే ఉంది. ఆ నవ్వు చూడలేక పావ్‌చూ బెత్తం పారేసి చెంపమీద ఒక్కటిచ్చింది. ఆవిడది ఎడంచేతి వాటం, ఎముకలు నరికిన చెయ్యి. పిల్ల వెళ్ళి గోడకి కొట్టుకుని కిందపడింది. లేచి కుడిచెవి పట్టుకుని మళ్ళీ నవ్వింది. తరగతి తరగతంతా పకపకా నవ్వారు, నవ్వకపోతే తమవంతు వస్తుందని.

అక్టోబరులో తుఫాను వచ్చి బడికి ఒక పక్క కిటికీలన్నీ ఊడ్చుకుపోయింది. వాన లోపలికి కొడుతుంటే బెంచీలన్నీ ఎదురుగోడకి జరిపించారు. ఎడమచివర ఉండే బోంగ్‌యో కుడిచివరకి వచ్చింది, టీచరు ఇప్పుడు దానికి ఎడమపక్కన. ఆ రోజు అడిగిన ప్రతిదీ చెప్పింది. బొ, పొ, తొ, కొ, అన్నీ చెప్పింది. పావ్‌చూ నమ్మలేదు. పక్కనున్న పిల్లాడు అందిస్తున్నాడనుకుని ముందు వాణ్ణి లేపి రెండు వాయించింది.

"నేనేం చెప్పలేదు టీచర్, నాకే రాదు," అన్నాడు వాడు ఏడుస్తూ.

నిజమే, వాడికీ రాదు. పావ్‌చూ బెత్తం బల్లమీద పెట్టి, పిల్ల వెనక్కి వెళ్ళి నిలబడింది. ఎడమవైపునుంచి మెల్లగా "పొ" అంది. "పొ," అంది పిల్ల. కుడివైపుకి జరిగి మళ్ళీ అంది. పిల్ల కదల్లేదు. గట్టిగా అంది. కదల్లేదు. చెవిలో నోరుపెట్టి అరిచింది. అప్పుడు బోంగ్‌యో ఊపిరి తగిలి ఇటు తిరిగి చూసి నవ్వింది.  

సాయంత్రం పావ్‌చూ పిల్లని రెక్క పట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన దీపం వేసి చాలాసేపు చూశాడు.

"కుడిచెవిలో పొర చిరిగిపోయింది. మామూలుగా కాదు, పాత దెబ్బమీద కొత్త దెబ్బ పడింది. పాతది రెండేళ్ళనాటిది అయ్యుంటుంది. కొత్తది ఈ మధ్యదే. ఆ వినికిడి ఇక రాదు. ఎడమది అంతంతమాత్రం. దానికి ఇంకొక్క దెబ్బ తగిలిందంటే పిల్ల పూర్తిగా చెవిటిదవుతుంది. ఎవరు కొడతారమ్మా దీన్ని?"

 ధ్వనులు నేర్పే మనిషి, పిల్ల చెవి పగలగొట్టి ధ్వని చెప్పమని కొట్టింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది ఆవిడకి. అయితే ఆవిడ సిగ్గుపడి మూల కూర్చునే మనిషి కాదు. సిగ్గు కూడా ఆవిడకి చేతుల్లోకే వస్తుంది. తిన్నగా రేవుకి నడిచింది.

థియెన్‌లై గట్టుమీద చేపలకి పేగులు తీస్తున్నాడు. చుట్టూ పదిమంది మగాళ్ళు.

"నీ కూతురికి కుడిచెవి లేదు, తెలుసా?"

"ఉందిగా టీచరమ్మా. రెండూ ఉన్నాయి, పొద్దున్నే చూశా," అన్నాడు. అందరూ నవ్వారు.

"కొట్టి కొట్టి పగలగొట్టావు. డాక్టరు చెప్పాడు."

థియెన్‌లై కత్తి కిందపెట్టి లేచాడు. "నేనొక్కణ్ణే కొట్టానా? దాని చెంపమీద నీ అయిదువేళ్ళూ అచ్చుపడితే రాత్రి అన్నం తినలేకపోయింది. నేనెప్పుడైనా వచ్చి అడిగానా? నా చేతిలో రాళ్ళూ నీ చేతిలో పువ్వులూ ఉన్నాయా?"

అది నిజం. నిజం కాబట్టే పావ్‌చూకి ఎక్కడలేని కోపం వచ్చింది. పిడికిలి బిగించి ముక్కుమీద గుద్దింది. థియెన్‌లై చేపలబుట్టలో వెల్లకిలా పడ్డాడు. లేచి, ఆడదని చూడకుండా మూతిమీద కొట్టాడు. ఆవిడ ముందుపన్ను విరిగి సముద్రంలో పడింది. ఇక చూడాలి, చేపల రక్తంలో, మంచుముక్కల్లో ఇద్దరూ దొర్లారు. ఆవిడ వాడి జుట్టు పట్టుకుని తల గట్టుకేసి కొడుతుంటే వాడు ఆవిడ మెడ పిసికాడు. "ఒరే, పంతులమ్మ మీద పందెం కాస్తా," అని ఒకడు అరుస్తున్నాడు. విడదీయడానికి నలుగురు పట్టారు.

ముసలి సరంగు ఒకాయన ఇద్దరిమధ్యా నిలబడి, "పళ్ళు రాలగొట్టుకుంటే తేలే సంగతి కాదిది. గుడికి పదండి, ఒట్టు వేద్దురుగాని. ఒక కోడిపుంజుని పట్టుకురండి," అన్నాడు.

ఒకడు కోడి కోసం పరుగెత్తాడు. ఆ రేవులో ఒట్టు అంటే చేతిలో చెయ్యి వేయడం కాదు. రేవుని కాచే దొరదేవుడి గుడిముందు కోడిపుంజు తల నరికి, మాట తప్పితే నా గతీ ఇంతే అని చెప్పాలి. కోర్టులో అబద్ధం చెప్పే మొనగాళ్ళు కూడా ఆ కోడిముందు చెప్పరు. తప్పుడు ఒట్టు వేసినవాడి బోటు తిరిగిరాలేదని కథలు కథలుగా చెప్పుకుంటారు.

"పరీక్షలో అది చదివితే దాన్ని పట్నం పంపను, బళ్ళోనే ఉంచుతా. మెడకి పైన దానిమీద చెయ్యి వెయ్యను," అన్నాడు థియెన్‌లై, ముక్కునుంచి రక్తం తుడుచుకుంటూ. "చదవకపోతే మాత్రం మర్నాడే పంపేస్తా. అప్పుడు టీచరు అడ్డం రాకూడదు."

"రాను. ఇక ఏ పిల్లమీదా, ఏ పిల్లాడిమీదా చెయ్యి ఎత్తను," అంది పావ్‌చూ. "ఎత్తితే ఈ కోడికి పట్టిన గతే నాకు పట్టాలి."

కత్తి ఎవరు పడతారంటే ఆవిడే తీసుకుంది. ఒక్క వేటు. తలలేని పుంజు గుడిమెట్లమీద రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తి, థియెన్‌లై కాళ్ళకి తగిలి పడిపోయింది. అంత లావు మనిషీ తెల్లబోయాడు.

ఒట్టు వేయడం తేలిక. మర్నాడు బెత్తం లేకుండా తరగతిలోకి వెళ్ళేసరికి ఆవిడకి చుక్కలు కనపడ్డాయి. టీచరు కొట్టదట అని పిల్లలకి రేవునుంచే కబురు అందింది. వారం తిరక్కుండా ఆ తరగతి కుక్కలు చింపిన విస్తరి అయింది. ఒకడు ఇంకొకడి చెవి కొరికాడు. ఒకత్తె పలకతో పక్కదాని నుదురు పగలగొట్టింది. దానికితోడు పన్ను లేక ఆవిడకి ఫొ పలకదు, ఈలలా వస్తుంది. పిల్లలందరూ అచ్చం అలాగే ఈల వేసేవాళ్ళు. తిట్టే నోరూ కొట్టే చెయ్యీ ఊరుకోవంటారు, ఆవిడ చెయ్యి దురదపెట్టిపోయేది. ఆగలేనప్పుడు గోడని గుద్దేది. బోర్డు పక్కన గోడమీద రక్తపు మరకలు పడ్డాయి. హెడ్మాస్టరు ఫాన్ గారు వచ్చి, "ఇది బడా, చేపల వేలంపాటా? మీ బెత్తం ఏమైంది?" అని అందరి ముందూ అరిచి వెళ్ళాడు.

బడి వదిలాక బోంగ్‌యోని ఎదురుగా కూర్చోబెట్టుకునేది. పిల్ల చేతిని తన నోటిముందు పెట్టుకుని పొ అనేది, వెచ్చగా గాలి తగిలేది. బొ అనేది, తగిలేది కాదు. పిల్ల వేళ్ళు తన గొంతుమీద పెట్టుకుని మొ అనేది. గొంతు వణికితే ఒకటి, వణక్కపోతే ఇంకొకటి. నోరు పెద్దది చేస్తే ఒక వణుకు, సున్నా చుడితే ఇంకో వణుకు. చెవిలోంచి పోయినది అరచేతిలోంచి ఎక్కించాలని ఆవిడ పంతం.

మొదటి రోజు సుద్దముక్క తీసుకుందామని ఆవిడ చెయ్యెత్తితే పిల్ల రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని బల్లకిందికి దూరింది. పావ్‌చూ బల్లకింద తల పెట్టి, "కొట్టనే. ఇక కొట్టను. కోడిని నరికాను," అంది. పిల్ల వినలేదు, వినపడలేదు. ఆవిడ అక్కడే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. కాసేపటికి పిల్ల చెయ్యి చాచి ఆవిడ గొంతుమీద పెట్టింది, ఆ ఏడుపు ఏ ధ్వనో చూద్దామని.

పరీక్షరోజు వచ్చింది. ఫాన్ హెడ్మాస్టరు నిక్కచ్చి మనిషి. పిల్లలు పెదవులు చూసి చెప్పేస్తారని విసనకర్ర అడ్డం పెట్టుకుని ధ్వని అనేవాడు. పిల్ల అదే ధ్వని తిరిగి అని, పటంలో దాని గుర్తు చూపాలి. తర్వాత పటం మొత్తం చదవాలి. కిటికీల్లోంచి థియెన్‌లై, ముసలి సరంగు, బోటువాళ్ళు చూస్తున్నారు. పావ్‌చూ పిల్ల చెవి సంగతి ముందే చెప్పింది. "సాకులు చెప్పకండి. దూరంగా నిలబడండి," అన్నాడాయన.

బోంగ్‌యో వంతు వచ్చింది. విసనకర్ర వెనకనుంచి ఏదో వినపడీ వినపడనట్టు వచ్చింది. పిల్ల తప్పు చెప్పింది. రెండోదీ తప్పు. కిటికీలోంచి థియెన్‌లై ఉమ్మేశాడు. "ఇంకొక్కటి. ఇదీ తప్పితే వెళ్ళిపో," అని హెడ్మాస్టరు నోరు తెరవబోయాడు. పిల్ల నవ్వుతూ ఒకడుగు ముందుకి వేసి, తిన్నగా ఆయన గొంతుమీద అరచెయ్యి పెట్టింది.

ఆ దేశంలో చిన్నపిల్ల హెడ్మాస్టరు గొంతు పట్టుకోవడమంటే ఏమిటో వేరే చెప్పాలా? ఆయన మొహం కందగడ్డయింది. చెయ్యి ఎత్తాడు. కుడిచెయ్యి. అది దిగితే పిల్ల ఎడమచెవిమీదే దిగుతుంది.

దిగలేదు. పావ్‌చూ రెండంగల్లో వచ్చి ఆ మణికట్టు గాలిలోనే పట్టుకుంది. ఊరికే పట్టుకుని వదిలేయొచ్చు. వదల్లేదు, మెలితిప్పింది. పక్కటెముక విరిచినట్టు టక్కుమని చప్పుడు కిటికీల దాకా వినపడింది. ఒట్టు పిల్లల గురించి కదా, హెడ్మాస్టర్ల గురించి కోడిముందు ఎవరూ ఏం అనలేదు. ఆయన నోరంతా తెరిచి పొలికేక పెట్టాడు.

పిల్ల చెయ్యి ఇంకా ఆయన గొంతుమీదే ఉంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత పటం వైపు తిరిగి, వేలు పెట్టి చూపించి, గట్టిగా "ఆ" అంది.

అదే గుర్తు. సరిగ్గా అదే.

ఎవరూ ఆపలేదు కాబట్టి ఆగలేదు. వెనక హెడ్మాస్టరు నేలమీద దొర్లుతున్నాడు, టీచర్లు పరుగెత్తుకొస్తున్నారు, ఒకడు పోలీసులని అరుస్తున్నాడు. బోంగ్‌యోకి అదంతా వినపడలేదు. ఒక చెయ్యి తన గొంతుమీద తనే పెట్టుకుని పటం పైనుంచి కిందిదాకా చదివింది. బొ, పొ, మొ, ఫొ. ఫొ దగ్గర టీచరు లాగే ఈల వేసింది, అలాగే నేర్చుకుంది మరి.

"తప్పింది. ఆ పిల్ల తప్పింది. ఇద్దర్నీ గెంటండి," అని హెడ్మాస్టరు మూలుగుతున్నాడు.

"చదివింది," అన్నాడు థియెన్‌లై కిటికీలోంచి.  "నేను విన్నా. ఇంతమంది విన్నారు. చదివింది."

పావ్‌చూని పోలీసులు తీసుకెళ్ళారు. కొన్నాళ్ళు లోపల ఉంచారు, ఉద్యోగం ఊడింది. బోంగ్‌యో బళ్ళోనే ఉంది. థియెన్‌లై సాధువేం అయిపోలేదు. తాగొచ్చి తలుపులు తన్నేవాడు, కుండలు పగలగొట్టేవాడు. పిల్ల మెడకి పైన మాత్రం చెయ్యి వేయలేదు, కోడి భయం అలాంటిది.

పావ్‌చూ తండ్రి కొట్టుకే తిరిగొచ్చి మళ్ళీ కత్తి పట్టింది. హెడ్మాస్టరు చెయ్యి గురించి ఎప్పుడూ బాధపడలేదు. ఏళ్ళు గడిచాక, బోంగ్‌యో పెద్ద తరగతుల్లో బహుమతులు తెచ్చుకుంటున్న రోజుల్లో, ఒకావిడ మాంసానికి వచ్చి నిలబడి పొగిడింది. "మీ చెయ్యి చలవే టీచరమ్మా. ఆ చెవిటిపిల్లకి చదువు చెప్పారంటే మీరు దేవతే."

పావ్‌చూ తలెత్తలేదు. తొడముక్కమీద కత్తి దించింది.

"ఆ చెవుడులో సగం నాదే. నీకు మాంసం ఎంత కావాలో చెప్పు."